తడి తగిలితే నీలమయ్యే ఖనిజం

మా బడి ప్రయోగశాల బీరువాలో ఒక చిన్న సీసా ఉంది. దాని మీద అంటించిన కాగితంలో "అనార్ద్ర కాపర్ సల్ఫేట్ - తెలుపు" అని నా చేతివ్రాతే ఉంటుంది. ఒక ఏడు వేసవి సెలవులకు ముందు, తొందరలో, ఆ సీసా మూత సరిగా బిగించకుండా లోపల పెట్టేశాను. జూన్‌లో బడి తెరిచి రెండు మంచి వానలు పడిన తరువాత, తొమ్మిదో తరగతి పిల్లలకు చూపిద్దామని సీసా బయటికి తీశాను. లోపల తెల్లని పొడి లేదు. లేత నీలపు గడ్డ ఉంది. ముందు బెంచీలోని ఒక అమ్మాయి కాగితం చదివి, సీసా వంక చూసి, "మాస్టారూ, ఏది తప్పు? కాగితమా, సీసాలో ఉన్నదా?" అని అడిగింది.

"రెండూ కాదమ్మా, తప్పు నాది" అన్నాను. క్లాసంతా నవ్వింది. నవ్వు సరే గాని, ఆ ప్రశ్న మామూలు ప్రశ్న కాదు. అగ్నిపర్వతాల మీద తిరిగి ఖనిజాలు ఏరే శాస్త్రజ్ఞులకు ఈ చిక్కు నిజంగానే ఉంది. పగులులోంచి తీసినప్పుడు ఒక ఖనిజం, ఇంటికి తెచ్చేసరికి మరొక ఖనిజం! మా సీసాలో జరిగిన పనే అక్కడా జరుగుతుంది. ఎందుకంటే పదార్థం కూడా ఒకటే.

ముందు సీసా సంగతి చూద్దాం. మైలుతుత్తం మీకు కొత్త కాదు. వ్యవసాయం ఇళ్ళ పిల్లలకు మరీను. నీలంరంగు పటికబెల్లం ముక్కల్లాగా ఉంటుంది. సున్నంతో కలిపి బోర్డో మిశ్రమం తయారు చేసి, నిమ్మ తోటలకూ, ద్రాక్ష తోటలకూ, తమలపాకు తోటలకూ తెగుళ్ళు రాకుండా చల్లుతారు. విషపదార్థం, నోట పెట్టకూడదు సుమా. రసాయన శాస్త్రంలో దీని పేరు ఆర్ద్ర కాపర్ సల్ఫేట్. చేతితో ముట్టుకుంటే పొడిగానే ఉంటుంది, కాని లోపల ఒక్కొక్క కాపర్ సల్ఫేట్‌కు అయిదేసి నీటి అణువులు వరుస తప్పకుండా కూర్చుని ఉంటాయి. ఈ నీటినే స్ఫటిక జలం అంటాం.

మీ మాస్టారి ఎదుట ఈ ప్రయోగం చేయండి. రెండున్నర గ్రాముల మైలుతుత్తం స్ఫటికాలను మెత్తగా నూరి, పొడి పరీక్షనాళికలో వేసి, స్పిరిట్ దీపం మీద మెల్లగా వేడి చేయండి. నాళిక మూతి కాస్త కిందికి వాలి ఉండాలి. లేకపోతే మూతి దగ్గర చేరిన నీటిబొట్లు వెనక్కి జారి, వేడెక్కిన అడుగును తాకి, నాళిక పగులుతుంది. కాసేపటికి నీలం వెలవెలబోతుంది. చివరికి తెల్లని బూడిదలాంటి పొడి మిగులుతుంది. చల్లారిన తరువాత తూచితే సుమారు 1.6 గ్రాములు ఉంటుంది. పోయిన 0.9 గ్రాములూ నీరే. నీటి అణుభారం 18, తెల్ల పొడి అణుభారం సుమారు 160. 0.9ని 18 చేతా, 1.6ను 160 చేతా భాగించి, రెండు జవాబులనూ పోల్చండి. మొదటిది రెండోదానికి సరిగ్గా అయిదు రెట్లు వస్తుంది. అయిదు నీటి అణువులు అని పుస్తకంలో రాసినది ఎవరో కళ్ళతో లెక్కపెట్టి రాసింది కాదు, ఇలా త్రాసుతో పట్టుకున్నది.

ఇప్పుడు ఆ తెల్ల పొడి మీద ఒక్క చుక్క నీరు వేయండి. చుక్క పడిన చోట వెంటనే నీలం! నాళిక అడుగును తాకి చూస్తే వెచ్చగా కూడా ఉంటుంది. నీటిని వెళ్ళగొట్టడానికి మనం పెట్టిన వేడిని, నీరు తిరిగి వచ్చేటప్పుడు ఆ పొడి తిరిగి ఇచ్చేస్తున్నదన్నమాట. స్పిరిట్‌లోనో, పెట్రోలులోనో నీరు కలిసిందా అని అనుమానం వచ్చినప్పుడు ఈ తెల్ల పొడి చిటికెడు వేసి చూడడం ప్రయోగశాలల్లో వాడుక. నీలం తిరిగితే నీరు ఉన్నట్టే.

ఈ రెండు పదార్థాలూ సీసాలకే పరిమితం కావు. భూమి మీద సహజంగానూ ఉన్నాయి. నీలం మైలుతుత్తం ఖనిజరూపంలో దొరికితే దాన్ని చాల్కాంథైట్ అంటారు. రాగి గనుల గోడల మీద, నీరు కారి ఎండిన చోట్ల, ముఖ్యంగా వానలు తక్కువైన దేశాలలో ఇది కనిపిస్తుంది. అది అంత అరుదు కాదు. రెండోది, అంటే నీరు లేని కాపర్ సల్ఫేట్, ఖనిజంగా దొరకడం చాలా అరుదు. దాని పేరు చాల్కోసయనైట్. గనుల్లో దాని కోసం వెతికి లాభం లేదు. అది పుట్టే చోటు వేరు.

1868లో ఇటలీ దేశంలో నేపుల్స్ నగరం పక్కనున్న వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైంది. ఆ రోజుల్లో నేపుల్స్ విశ్వవిద్యాలయంలో ఆర్కాంజెలో స్కాక్కి (1810-1893) అనే ఆయన ఖనిజశాస్త్రం బోధించేవారు. వెసూవియస్ ఉమ్మిన ప్రతిదాన్నీ పరీక్షించడం ఆయనకు జీవితకాలపు పని. ఆ విస్ఫోటనంలో, వాయువులు ఎగదన్నిన పగుళ్ళలో పేరుకున్న పదార్థాలలో రాగి సల్ఫేట్లు ఆయనకు దొరికాయి. వాటిలో ఒకటి నీరు తగలగానే నీలమయ్యేది. దాని గుణమే దానికి పేరుగా పెట్టారాయన. గ్రీకు భాషలో "హైడ్రో" అంటే నీరు, "కయనోస్" అంటే ముదురు నీలం. రెండూ కలిపి ఇటాలియన్‌లో "ఇద్రోచియానో" అన్నారు. నీటి నీలం అని చెప్పుకోవచ్చు. నాకు ఈ పాత పేరే ఇష్టం. తరువాతి వారు దాన్ని చాల్కోసయనైట్‌గా మార్చారు. "చాల్కోస్" అంటే రాగి. కొత్త పేరు రాగిని చెప్పింది కాని, నీటిని మరిచిపోయింది.

సయనైట్ అనగానే సైనైడ్ గుర్తుకు వచ్చి భయపడేవారుంటారు. ఇందులో ఆ విషం లేదు. సైనైడ్‌కు కూడా పేరు నీలం నుంచే వచ్చింది, ప్రష్యన్ బ్లూ అనే నీలి రంగునుంచి దాని ఆమ్లాన్ని మొదట తీశారు కాబట్టి. పేరులో చుట్టరికం, పదార్థంలో ఏమీ లేదు. చాల్కోసయనైట్‌లో ఉన్నవి రాగి, గంధకం, ఆక్సిజన్ మాత్రమే.

ఈ ఖనిజం చిన్న చిన్న స్ఫటికాలుగా ఉంటుంది. శుద్ధమైనది రంగు లేనిది. సహజంగా దొరికినప్పుడు లేత ఆకుపచ్చగానో, పసుపు గోధుమ ఛాయలోనో, ఇప్పటికే కాస్త తడి తగిలి ఉంటే ఆకాశపు నీలంగానో ఉంటుంది. కాఠిన్యం మోస్ మానంలో 3.5. అంటే కాల్సైట్ మీద గీత పెడుతుంది, ఫ్లోరైట్ మీద పెట్టలేదు. మైలుతుత్తం కాఠిన్యం 2.5 మాత్రమే, గోటితో సమానం. చాల్కోసయనైట్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 3.65 గ్రాములు. మైలుతుత్తం సాంద్రత 2.28 గ్రాములు. ఈ రెండు అంకెలనూ గుర్తుంచుకోండి, తరువాత పని ఉంది.

రంగు ఎందుకు మారుతుంది? రాగి అయాన్ తన చుట్టూ ఆరు ఆక్సిజన్ పరమాణువులను కూర్చోబెట్టుకుంటుంది. మైలుతుత్తంలో ఆ ఆరింటిలో నాలుగు నీటి అణువులకు చెందినవి, రెండు సల్ఫేట్‌కు చెందినవి. అయిదో నీటి అణువు రాగిని అంటుకోకుండా పక్కన నిలబడి చేతులు కలుపుతుంది. ఈ అమరికలో రాగి అయాన్ తెల్లని వెలుతురులోని ఎరుపు, నారింజ భాగాన్ని మింగేస్తుంది. మిగిలిన నీలం మన కంటికి చేరుతుంది. నీరు వెళ్ళిపోతే ఖాళీ అయిన చోట్లను కూడా సల్ఫేట్ ఆక్సిజన్లే ఆక్రమిస్తాయి. అప్పుడు రాగి మింగే వెలుతురు ఎరుపును దాటి, కంటికి కనపడని పరారుణంలోకి జరిగిపోతుంది. కనిపించే రంగులన్నీ దాదాపు తిరిగి వచ్చేస్తాయి కాబట్టి తెల్లగా తోస్తుంది. రాగి అదే రాగి. పక్కన కూర్చున్నవారు మారారు, అంతే.

ఇక అసలు చోటుకు వెళదాం. అగ్నిపర్వతం అనగానే మనకు లావా గుర్తుకు వస్తుంది. లావా ప్రవాహం ఆగిన తరువాత కూడా నెలల తరబడి, ఒక్కొక్కచోట ఏళ్ళ తరబడి, నేల పగుళ్ళలోంచి వేడి వాయువులు బుసలు కొడుతూ వస్తూనే ఉంటాయి. ఆ పగుళ్ళను ధూమరంధ్రాలు అంటారు. ఆ పొగలో అన్నిటికంటే ఎక్కువ ఉండేది నీటి ఆవిరి. దానితోపాటు కార్బన్ డై ఆక్సైడ్, సల్ఫర్ డై ఆక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్, హైడ్రోజన్ క్లోరైడ్ మొదలైనవి ఉంటాయి. ఆ వాయువులు చల్లబడేటప్పుడు రంధ్రం గోడల మీద రంగురంగుల పెచ్చులు కడతాయి. పొగ గొట్టంలో మసి పట్టినట్టే. కాని ఇక్కడి మసి పసుపు, ఆకుపచ్చ, నీలం, ఎరుపు, గోధుమ రంగుల్లో ఉంటుంది.

ఇక్కడ మీరు నన్ను ఆపి అడగాలి. "మాస్టారూ, పొగలో ఎక్కువ భాగం నీటి ఆవిరే అన్నారు. నీటి తడి తగిలితే చాలు, నీలమైపోయే పదార్థం అన్నారు. ఆవిరి మధ్యలో కూర్చుని అది తెల్లగా ఎలా ఉండగలిగింది?"

జవాబు మీ పరీక్షనాళికలోనే ఉంది. మైలుతుత్తాన్ని వేడి చేసినప్పుడు నీరంతా ఒక్కసారి పోలేదు. సుమారు 60 డిగ్రీల సెంటీగ్రేడు దాటాక రెండు నీటి అణువులు, 100 దాటాక మరి రెండు, చివరి అణువు మాత్రం 200 డిగ్రీల దగ్గరకు వచ్చేదాకా పట్టు వదలదు. అంటే 200 డిగ్రీలకు పైన రాగికీ నీటికీ మధ్య ఉన్న బంధం వేడి కుదుపులకు తట్టుకోలేదు. చుట్టూ ఎంత ఆవిరి ఉన్నా, నీటి అణువులు వచ్చి తాకుతాయి, వెళ్ళిపోతాయి, నిలవవు. కాగిన పెనం మీద చిలకరించిన నీరు నిలుస్తుందా? (పెనం మీద ఆవిరయ్యేది ద్రవరూపంలో ఉన్న నీరు, స్ఫటికంలోని నీరు కాదు. పోలికను అంతవరకే తీసుకోండి.) ధూమరంధ్రం లోపల అంతకంటే ఎక్కువ వేడి ఉన్న అరలలో చాల్కోసయనైట్ ఆవిరి నడుమే పుట్టి, ఆవిరి నడుమే హాయిగా పెరుగుతుంది. మన గదిలోని గాలిలో ఆవిరి అంతకంటే ఎంతో తక్కువ. అయినా ఆ కొంచెం తడికే నీలమైపోతుంది. ఇక్కడ దాన్ని కాపాడే వేడి లేదు మరి. ఎంత నీరు ఉంది అన్నది ఒక్కటే చాలదు, ఎంత వేడిలో ఉంది అన్నది కూడా తెలియాలి.

రెండో చిక్కు ఇంకా పెద్దది. రాగి ఒక లోహం. అది మరిగి ఆవిరి కావాలంటే 2,500 డిగ్రీలు దాటాలి. లావా వేడి 1,000 నుంచి 1,200 డిగ్రీలు. మరి రాగి పొగతోపాటు పైకి ఎలా వచ్చింది?

జ్వాలా పరీక్ష చేసినవారు దీనికి జవాబు చెప్పగలరు. లవణాన్ని నేరుగా మంటలో పెట్టకుండా, ముందు గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో ముద్దచేసి, ఆ ముద్దను ప్లాటినం తీగతో తీసి మంటలో ఉంచుతాం. ఎందుకని? లోహాల క్లోరైడులు తేలికగా ఆవిరై మంటలోకి వెళతాయి కనుక. రాగి అయితే మంట ఆకుపచ్చగా, నీలంగా వెలుగుతుంది. అగ్నిపర్వతం చేసే పనీ ఇదే. శిలాద్రవంలోంచి వచ్చే క్లోరిన్ రాగిని పట్టుకుని క్లోరైడుగా మార్చి, వాయువుల వెంట పైకి మోసుకువస్తుంది. పైన పగుళ్ళలోకి గాలి జొరబడుతుంది. గాలిలోని ఆక్సిజన్, పొగలోని సల్ఫర్ డై ఆక్సైడ్, రాగి క్లోరైడు, నీటి ఆవిరి నాలుగూ కలిసిన చోట కాపర్ సల్ఫేట్ తయారై గోడకు అంటుకుంటుంది. హైడ్రోజన్ క్లోరైడ్ విడిపోయి పొగలో కలిసిపోతుంది. తెచ్చినవాడు బరువు దించి వెళ్ళిపోయినట్టు!

పై తరగతుల వారు సమీకరణం తుల్యం చేసి చూసుకోవచ్చు. నాలుగు క్యూప్రస్ క్లోరైడ్, నాలుగు సల్ఫర్ డై ఆక్సైడ్, రెండు నీరు, మూడు ఆక్సిజన్ అణువులు కలిస్తే నాలుగు కాపర్ సల్ఫేట్, నాలుగు హైడ్రోజన్ క్లోరైడ్. రెండు పక్కలా ఆక్సిజన్ పరమాణువులు పదహారేసి రావాలి. రాకపోతే మళ్ళీ లెక్కపెట్టండి. అసలు ధూమరంధ్రంలో చర్యలు ఇంతకంటే చిక్కుగా ఉంటాయి కాని, మొత్తం మీద లెక్క ఇదే.

స్కాక్కి గారికి 1868 విస్ఫోటనంలో ఈ ఒక్క ఖనిజమే దొరికి ఆగిపోలేదు. గోధుమరంగు స్ఫటికాలు కూడా కొన్ని దొరికాయి. చూస్తే ఎవరూ రాగి సల్ఫేట్ అనుకోరు. రాగి లవణమంటే నీలమో ఆకుపచ్చో అని కదా మన అలవాటు. పరీక్షిస్తే రాగి సల్ఫేట్‌లో ఒక వంతు కాపర్ ఆక్సైడ్ కలిసిన లవణమని తేలింది. దానికాయన డొలెరోఫనైట్ అని పేరు పెట్టారు. గ్రీకులో "డొలెరోస్" అంటే మోసగాడు. పైకి కనిపించే రూపం మోసం చేస్తున్నదని! ఖనిజాలకు పేర్లు పెట్టేవారికి హాస్యం తెలియదని ఎవరనగలరు?

ఇప్పుడొక వరుస చూడండి. తెల్ల పొడిని మామూలు దీపం మీద కాక ఇంకా గట్టి మంటలో 600 డిగ్రీలు దాటించి వేడి చేస్తే (ఇది మీరు చేయకండి, ఊపిరితిత్తులకు హాని చేసే సల్ఫర్ ట్రై ఆక్సైడ్ వస్తుంది) అది ముందు సగం సల్ఫర్ ట్రై ఆక్సైడ్‌ను వదులుతుంది. మిగిలేది సరిగ్గా డొలెరోఫనైట్ సంఘటన. ఇంకా వేడి చేస్తే మిగిలిన సగమూ పోయి నల్లని కాపర్ ఆక్సైడ్ నిలుస్తుంది. అదీ వెసూవియస్ పగుళ్ళలో దొరికేదే. ఖనిజంగా దాని పేరు టెనొరైట్. నేపుల్స్‌కు చెందిన మికేలే టెనోరే అనే వృక్షశాస్త్రజ్ఞుడి గౌరవార్థం పెట్టారు. చెట్లు చదివిన ఆయనకు రాయి మీద పేరు!

చల్లని వైపునా ఇంతే. మైలుతుత్తంలోంచి రెండు నీటి అణువులు పోగా మూడు మిగిలిన స్థితి కూడా ఒక ఖనిజమే. ఇటలీలోని ఎల్బా ద్వీపంలో దొరికింది, పేరు బొనట్టైట్. ఒక్క నీటి అణువు మిగిలిన స్థితికీ, రాగిలో కొంత భాగం ఇనుముగా మారి, పాయిట్వినైట్ అనే ఖనిజం ఉంది. అంటే మీరు పరీక్షనాళికను దీపం మీద పెట్టి అయిదు నిమిషాలు తిప్పినప్పుడు, ఒక్కొక్క మెట్టులో ఒక్కొక్క ఖనిజం సంఘటన మీ కళ్ళ ముందు నుంచి దాటిపోయింది. నీలం, వెలిసిన నీలం, తెలుపు, మంట పెంచితే గోధుమ, చివరికి నలుపు. అనుభవమున్న ఖనిజ శాస్త్రజ్ఞుడు ధూమరంధ్రపు గోడ మీద ఏ లోతులో ఏ పెచ్చు కట్టిందో చూసి, అక్కడ ఎంత వేడి ఉండేదో ఉజ్జాయింపుగా చెప్పగలడు. ఆ గోడే ఒక ఉష్ణమాపకం.

వెసూవియస్ 1944 తరువాత మళ్ళీ బద్దలు కాలేదు. అక్కడి పగుళ్ళలో ఇప్పుడు చాల్కోసయనైట్‌కు కావలసిన వేడి లేదు. ఈ ఖనిజాన్ని చూడాలంటే ఇప్పుడు భూగోళం పటంలో రష్యా తూర్పు కొసకు, పసిఫిక్ సముద్రంలోకి పొడుచుకు వచ్చిన కమ్చాట్కా ద్వీపకల్పానికి వెళ్ళాలి. అక్కడ టోల్బాచిక్ అనే అగ్నిపర్వతం పక్కన 1975 వేసవిలో నేల పగిలి, పొడవాటి పగుళ్ళలోంచి లావా పొంగింది. 1976 డిసెంబరు దాకా ఆగలేదు. ఆ విస్ఫోటనంలో సిండెపు గుట్టలు పుట్టుకొచ్చాయి. సిండెమంటే కొలిమిలో మిగిలే చిట్టెం వంటి, బుడగలు నిండిన లావా ముక్కలు.

శాస్త్రజ్ఞులను ఆశ్చర్యపరచింది లావా కాదు, తరువాతి కథ. ఆ గుట్టల మీది ధూమరంధ్రాలు ఇంకా చల్లారలేదు. నాలుగు దశాబ్దాలు గడిచాక కూడా కొన్ని అరలలో 400 డిగ్రీలకు పైగా వేడి కొలిచారు. పైగా అక్కడి పగుళ్ళలోకి గాలి ధారాళంగా వెళుతుంది. రాగి, గంధకం, ఆక్సిజన్, దీర్ఘకాలపు వేడి అన్నీ ఒకే చోట! చాల్కోసయనైట్, డొలెరోఫనైట్‌లతో పాటు లోకంలో మరెక్కడా అంతకు ముందు చూడని ఖనిజాలు అక్కడ పదుల సంఖ్యలో బయటపడ్డాయి. ఒక్క "అర్సెనాత్నయా" అనే ధూమరంధ్రం నుంచే కొన్ని పదులు వచ్చాయి. పొటాషియంతో కూడిన రాగి సల్ఫేట్ ఒకదానికి ఫెదొతొవైట్ అనీ, ఇంకొకదానికి పీపైట్ అనీ, కమ్చాట్కా అగ్నిపర్వతాలను పరిశీలించిన సెర్గీ ఫెదోతోవ్, బోరిస్ పీప్ పేర్లు పెట్టారు. టోల్బాచిక్ పేరుతోనే టోల్బాచైట్ అని ఒకటుంది. అది నీరు లేని కాపర్ క్లోరైడు, గోధుమరంగుది. ఇదీ మన చాల్కోసయనైట్ దారే. తడి గాలి తగిలితే నీరు పీల్చుకుని నీలి ఆకుపచ్చకు తిరుగుతుంది.

ఇప్పుడు దాచిపెట్టిన ఆ రెండు సాంద్రతలు బయటికి తీయండి. 160 గ్రాముల చాల్కోసయనైట్ సుమారు 44 ఘన సెంటీమీటర్ల చోటు ఆక్రమిస్తుంది. అది నీరు పీల్చి పూర్తిగా మైలుతుత్తమైతే బరువు 250 గ్రాములకు చేరుతుంది. చోటు? 250ని 2.28తో భాగించండి. సుమారు 110 ఘన సెంటీమీటర్లు. రెండున్నర రెట్లు! బస్తాలో శనగలు నింపి నీరు పోస్తే కుట్లు తెగిపోయినట్టు, స్ఫటికం లోపలి నుంచి ఉబ్బి, పగిలి, పొడి అయిపోతుంది. రంగు మారడంతో ఆగిపోయే వ్యవహారం కాదిది. అందమైన ముఖాలున్న చిన్న స్ఫటికం కాస్తా ఆకారం లేని నీలపు పిండిగా మారుతుంది.

అందుకే ఇటువంటి ఖనిజాలను ఏరేవారు పగులు దగ్గర వేడిగా ఉండగానే, గాలి చొరబడని సీసాల్లోకి ఎక్కించి మూసేస్తారు. తడి పీల్చే సిలికా జెల్‌ను తోడుగా పెడతారు. కొత్త సంచుల్లో, మందు సీసాల్లో చిన్న పొట్లాలుగా కనిపించే గుళికలు అవే. ముక్కు, నోరు మండించే పొగలో నిలబడి, కాలుతున్న రాయిని పట్టుకారుతో తీసి, నిమిషాల మీద సీసా మూయాలి. ఆలస్యమైతే తెచ్చింది మైలుతుత్తం. అది కావాలంటే అంత దూరం పోనక్కరలేదు, ఎరువుల దుకాణంలో దొరుకుతుంది.

కోసిన తరువాతే కాదు, కోయకుండా వదిలేసినా ఇవి మిగలవు. ధూమరంధ్రం చల్లారితే వాన లోపలికి దిగుతుంది. సల్ఫేట్‌లలో ఎక్కువ భాగం కరిగిపోతాయి. మన రాజమండ్రి దగ్గర గోదావరికి అటూ ఇటూ, కడియం, పంగిడి ప్రాంతాల్లో నల్లరాతి క్వారీలు చూసినవారుంటారు. ఆ నల్లరాయి సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందటి లావా. దక్కను పీఠభూమిని కప్పిన లావా ప్రవాహాలకు చుట్టమే. అంత లావా పొంగిన రోజుల్లో పొగలు చిమ్మిన రంధ్రాలు ఉండే ఉంటాయి. వాటి గోడల మీద రంగుల పెచ్చులూ కట్టే ఉంటాయి. ఆ క్వారీల్లో ఎంత వెతికినా రాగి సల్ఫేట్ పెచ్చు కనపడదు. లావా నిలిచింది. నీటిలో కరిగేది ఏదైనా ఉండి ఉంటే మొదటి కొన్ని వర్షాకాలాలే కడిగేసి ఉంటాయి. మన దేశంలో ఇప్పుడు బద్దలవుతున్న అగ్నిపర్వతం అండమాన్ సముద్రంలోని బారెన్ ద్వీపం ఒక్కటే. చాలాకాలం నిద్రపోయి 1991లో మళ్ళీ లేచింది. అక్కడా పొగలున్నాయి, అయితే వానలూ జాస్తిగానే ఉన్నాయి.

మా సీసా సంగతి చెప్పకుండా వదిలేశాను. ఆ నీలపు గడ్డను పింగాణీ గిన్నెలో వేసి, పిల్లల ఎదుటే వేడి చేశాం. పావుగంటలో తెల్లబడింది. చల్లారీ చల్లారకముందే సీసాలో పోసి, మూత బిగించి, చుట్టూ కొవ్వొత్తి మైనం కరిగించి పోశాను. కాగితం మీద రాసింది మళ్ళీ నిజమైంది. ఇందాకటి అమ్మాయి ఊరుకోలేదు. "అయితే మాస్టారూ, ఆ అగ్నిపర్వతం రాయి నీలమైపోయినా ఇలాగే వేడి చేసి బాగుచేసుకోవచ్చుగా?" అంది.

బాగుచేయలేం. వేడి చేస్తే నీరు పోతుంది, తెలుపు వస్తుంది, సంఘటన కూడా చాల్కోసయనైట్‌దే వస్తుంది. కాని స్ఫటికం రాదు. ఉబ్బి పగిలిన ముఖాలు మళ్ళీ అతుక్కోవు. ధూమరంధ్రంలో వాయువులోంచి పొర మీద పొరగా, నెమ్మదిగా పెరిగిన స్ఫటికం అది. మన గిన్నెలో మిగిలేది తెల్లని పొడి. రెండింటికీ రసాయన సూత్రం ఒకటే అయినా, మొదటిదాన్ని సూక్ష్మదర్శిని కింద పెడితే కోణాలు కొలవవచ్చు, రెండోదాన్ని సీసాలో పోసుకోవచ్చు. అలా నీలమైపోయిన నమూనా మీద ఏం రాయాలి అంటే, "చాల్కాంథైట్, చాల్కోసయనైట్ నుంచి మారినది" అని రెండు పేర్లూ రాయడమే సరైన పద్ధతి.

ఆ అమ్మాయి నా దగ్గర పెన్సిలు తీసుకుని, సీసా కాగితం మీద "తెలుపు" పక్కన చిన్న అక్షరాలతో "మూత ఉంటే" అని రాసింది. ఇప్పటికీ అలాగే ఉంది.